'బాగానే ఉందిగా' గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా ఇంట్లో మీ మాటకు తిరుగులేదు. ఏళ్ల తరబడి నరాల వైద్యం చదివిన డాక్టరుగారు రాసిన చీటీని, ఏమీ చదవని మీరు ఒక్క ముక్కతో కొట్టేశారు. ఫీజు కూడా పుచ్చుకోలేదు.

పోయినేడు నాకు మూతి కాస్త వంకరపోయింది. కుడిచెయ్యి రెండు రోజులు మొద్దుబారి తేరుకుంది. చిన్న పక్షవాతమే అన్నారు. రక్తం పలచబడే మాత్రలు రెండు రకాలిచ్చి, 21 రోజులయ్యాక ఒకటి ఆపేయమన్నారు. 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రం రోజూ వేసుకోవాలట. 22వ రోజున మీరు వేంచేశారు. "ఒకటి ఆపినప్పుడు రెండోది మాత్రం దేనికి?" న్యాయమే అనిపించింది.

ఆపిన మర్నాడు ఏమీ కాలేదు. ఎలా అవుతుంది? ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్టు చచ్చేదాకా గడ్డకట్టే పనికి సరిగ్గా రాదు, దాని ఆయుష్షు వారం పది రోజులు. నేను పాత మాత్రల పుణ్యం తింటున్నంతసేపూ మీరేమో "చూశావా!" అని మీసం మెలేశారు.

బీపీ మాత్ర దగ్గర మీ తెలివి ఇంకా గొప్పది. మిషన్‌లో 130/80 కనపడగానే "నార్మలే, ఇక మాత్రెందుకు?" అన్నారు. చెరువు పొంగట్లేదుగా, కట్టెందుకని తవ్వించినట్టు. కొలెస్ట్రాల్ మాత్రయితే గుండెజబ్బు వాళ్లదని పక్కన పెట్టించారు. కార్తీకమాసం ఉపవాసాలు, ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయనే ఎదురింటి బావగారు, రాజమండ్రి పెళ్లికి వెళ్తూ ఫ్రిజ్ మీద మరిచిపోయిన మందుల కవరు... వీళ్లంతా మీ జూనియర్లే. ఆ కవర్లో మా ఆవిడ ఇప్పుడు కరెంటు బిల్లులు దాస్తోంది.

మొన్న పొద్దున ఆరింటికి బ్రష్షు చేతిలోంచి జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. క్యాజువాల్టీలో వాళ్లడిగిన మొదటి ప్రశ్న మీ గురించే, తెలుసా?

"ఆఖరిసారి ఎప్పుడు బాగున్నారు?"

"రాత్రి పదింటికి పడుకునేటప్పుడు బాగానే ఉన్నారుగా," అంది మా ఆవిడ.

డాక్టరమ్మ రాయడం ఆపింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా గడువు నాలుగున్నర గంటలట. గంటలు లెక్కపెట్టేది బ్రష్షు జారినప్పటి నుంచి కాదు, ఆ 'బాగానే' దగ్గర నుంచి.

ఇప్పుడు మా మనవరాలు క్యాలెండరు పక్కన కాగితం అంటించి, మాత్ర వేసుకున్నప్పుడల్లా టిక్కు పెడుతోంది. నిన్న మీరు గుమ్మందాకా వచ్చారట, కాఫీ కూడా ఇవ్వకుండా పంపేసింది. ఏమీ అనుకోకండి, చిన్నపిల్ల.

అక్షరాలు వంకరపోతే మన్నించాలి. ఎడంచేత్తో రాస్తున్నాను.

ఇట్లు,
మీ పాత పేషెంటు