నమ్మకం తగ్గిద్దాం, నీళ్లు పెంచుదాం

కృష్ణా నీళ్ల పంపకం గురించి ఎవరేమైనా అనుకోండి, నా అభిప్రాయం మాత్రం ఒకటే. లెక్కల్లో ఏ తప్పూ లేదు. తప్పంతా నదిదే.

ఈ నీళ్లు పంచడానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహాలు ముందేసుకుని, 75 శాతం నమ్మకంగా ఏటా 2060 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) వస్తాయని 1973లో తేల్చింది. అంటే వందేళ్లలో 75 ఏళ్లు అంతో, అంతకన్నా ఎక్కువో వస్తాయి, మిగతా పాతికేళ్లు మనమే ఎలాగో సర్దుకోవాలి. (పెళ్లిచూపులకొచ్చిన కుర్రాడు ‘నేను 75 శాతం నమ్మకస్తుణ్ణండీ’ అంటే పిల్లనిస్తామా? నది దగ్గరికొచ్చేసరికి మహారాష్ట్ర, కర్ణాటక, ఉమ్మడి ఆంధ్ర మూడూ మారుమాట లేకుండా పొలాలన్నీ రాసిచ్చేశాయి.)

2004లో వేసిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ఇంకో అడుగు ముందుకేసింది. ఆ అడుగు దగ్గరే నేను సాష్టాంగపడిపోయాను. 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్ల లెక్క తీస్తే 75 శాతం నమ్మకంతో 2173 టీఎంసీలు తేలాయి. నమ్మకాన్ని 65 శాతానికి దించితే 2293 అయ్యాయి. చూశారా, పశ్చిమ కనుమల్లో ఒక్క మబ్బు కదల్లేదు, ఒక్క చినుకు రాలలేదు, కాగితం మీద 120 టీఎంసీలు పుట్టుకొచ్చాయి! ప్రకాశం బ్యారేజీలో పట్టేది 3 టీఎంసీల పైచిలుకు, అలాంటివి ఓ 39 నిండిపోతాయి. అక్కడితోనూ ఆగకుండా సగటు ప్రవాహం 2578 దాకా పంచేశారు. ఆ తీర్పు సుప్రీంకోర్టు కేసు వల్ల గెజిట్ ఎక్కకుండా ఆగిపోయింది, అది వేరే ఏడుపు.

నేననేదేమిటంటే, దారి దొరికాక 65 దగ్గర ఎందుకు ఆగాలి? 40కి దించుదాం, పదికి దించుదాం, ఏకంగా సున్నా చేసేద్దాం. నమ్మకమనేదే లేకపోతే ఎవరికెన్ని కావాలంటే అన్ని టీఎంసీలు రాసుకోవచ్చు, ట్రిబ్యునళ్లక్కర్లేదు, లాయర్ల ఫీజులక్కర్లేదు. కొత్తదేమీ కాదు లెండి, ఎన్నికల ముందు ఎత్తిపోతలకు కొబ్బరికాయ కొట్టేటప్పుడు అన్ని పార్టీలూ ఎప్పట్నుంచో వాడుతున్న పద్ధతే ఇది, మనం దాన్ని చట్టం చేద్దామంటున్నానంతే.

ఇక నది ప్రవర్తన సంగతి చూద్దాం. 2009లో దేశమంతా కరువు. ఆగస్టంతా ఆకాశం వైపు చూశాం. అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల (సెకనుకు అన్ని ఘనపుటడుగుల) వరద వచ్చింది, ఆ డ్యామ్‌ను కట్టింది 19 లక్షల వరదను లెక్కేసుకుని. కర్నూలు మునిగింది. ఏడాది చివర ఆ రెండింటినీ కూడి సగటు తీస్తే, ఎండినవాడూ మునిగినవాడూ ఇద్దరూ చల్లగా ఉన్నట్టే కనిపిస్తారు రిజిస్టర్లో. 2023 ఆగస్టు చూడండి, 1901 నుంచి దేశంలో అంత పొడి ఆగస్టు లేదు. ఆ నవంబరు 30న, తెలంగాణలో ఓట్లు పడుతున్న రోజే, రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న నాగార్జున సాగర్ డ్యామ్ మీద 26 గేట్లలో 13 మావంటూ ఆంధ్ర పోలీసులు ముళ్లకంచె వేశారు. కంచె దాటి నీళ్లు పారిపోతాయన్న భయం అప్పుడేమీ లేదు, పారిపోయేటన్ని లేవు గదా. మళ్లీ పది నెలలు తిరక్కుండానే, 2024 సెప్టెంబరులో, ప్రకాశం బ్యారేజీ మీదికి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. ఆ జోరు ఒక్క రోజంతా సాగితే దాదాపు 99 టీఎంసీలు. అన్నీ సముద్రంలోకే.

ఇలాంటి వరద రోజుల్లో తోడుకున్న నీళ్లు వాటా లెక్కలోకి వస్తాయా రావా అన్నది రెండు తెలుగు రాష్ట్రాల మధ్య నీళ్లు చూసే కృష్ణా బోర్డు ముందు పెద్ద తగాదా. అసలు ఆ వాటానే, ఆంధ్రకు 512 టీఎంసీలు, తెలంగాణకు 299 అని, రాష్ట్రం విడిపోయాక 2015లో ఒక్క ఏడాది కోసం చేసుకున్న సర్దుబాటు. ‘నాలుగు రోజులుండి పోతానమ్మా’ అని వచ్చిన చుట్టం లాగా అది ఏళ్ల తరబడి తిష్ట వేసింది. తెలంగాణ ఇంకా ఎక్కువ కావాలంటుంది, ఆంధ్ర ఉన్నది ఉన్నట్టే అంటుంది. ఇద్దరిదీ న్యాయమే అనిపిస్తుంది, ఎవరి టీవీ చూస్తే వాళ్లది. వాతావరణ మార్పుకు మాత్రం రాష్ట్రం లేదు, లాయరు లేడు, అందుకని దాని వాదన ఎవరూ వినలేదు. పంపకంలో అందరికన్నా ముందు వాటా తీసుకునేది మాత్రం అదే.

మా బాబాయిది కృష్ణా డెల్టాలో కాలవ చివరి పొలం. మొన్న ఫోన్ చేసి, మనకెన్ని టీఎంసీలొస్తాయో, 65 శాతం మహిమేంటో ఉత్సాహంగా వివరించాను. అంతా విన్నాడు.

“ఒరేయ్, మా బోదెలోకి నీళ్లెప్పుడొస్తాయో ఉందా అందులో?”

“బోదెల సంగతి అందులో ఉండదు బాబాయ్.”

“పోనీ ఇది చెప్పు. నారు పొయ్యాలి నేను. ఈ ఏడు ఆ 75లో ఉందా, మిగతా పాతికలో ఉందా?”

ఏడాది అయిపోయాక లెక్క తీసి చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాడు.