రూటు రెండు, ముళ్ళు మూడు

లెక్కలు రానివాడు ఫొటోగ్రాఫర్ అవుతాడన్నది మన ఇళ్ళలో చాలాకాలంగా చలామణీలో ఉన్న సిద్ధాంతం. ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం, ఎంపీసీ అబ్బాయి తండ్రి ముఖం చూసి పక్కింటాయన ఓదార్పుగా, "పోనీలెండి, ఒక కెమెరా కొనిపెట్టండి" అంటాడు తప్ప, ఒక వీణ కొనిపెట్టండని గానీ, ఒక ఉలీ సుత్తీ కొనిపెట్టండని గానీ అనడు. వీణకు సాధన కావాలని, శిల్పానికి గురువు కావాలని లోకానికి తెలుసు. కెమెరాకు మాత్రం చూపుడువేలు చాలునని, దాన్ని భగవంతుడు ఏ కోచింగూ లేకుండానే అందరికీ ప్రసాదించాడని లోకం నమ్మకం.

ఈ సిద్ధాంతాన్ని నేను సంపూర్ణంగా సమర్థిస్తున్నాను. సమర్థించక తప్పదు. మా మేనల్లుడు ఆ వృత్తిలోనే ఉన్నాడు. మా అక్క ఈ వ్యాసం చదువుతుంది.

అయితే వాదంలోకి దిగేముందు ఒక అపవాదు తొలగించాలి. మన రాష్ట్రాల్లో ఫొటోగ్రఫీకి పద్ధతిగా చదువు చెప్పేవాళ్ళు లేరనడం అన్యాయం. హైదరాబాదు మాసబ్ ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ ఉంది. నాలుగేళ్ళ చదువు. కాకపోతే మనవాళ్ళలో అత్యధికులు ఫొటోగ్రఫీ నేర్చుకోవడానికి ఇంజినీరింగు కాలేజీలలో చేరతారు. మొదటి సంవత్సరం ఎం-వన్, అంటే లెక్కల మొదటి పేపరు, తప్పడం ప్రవేశ పరీక్ష. రెండో సంవత్సరం కాలేజీ ఫెస్టు నాడు ఎవరిదో కెమెరా అరువు తెచ్చి మెడలో వేసుకోవడం ప్రాక్టికల్స్. మూడో ఏట ఇన్‌స్టాగ్రాంలో తన పేరు చివర ‘క్లిక్స్’ అని తగిలించుకోవడం స్నాతకోత్సవం. నాలుగో ఏడు కేవలం ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం.

ఈ సంప్రదాయం నిన్నమొన్నటిది కూడా కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్, ముసవ్విర్ జంగ్ బిరుదాంకితుడు, సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ ఏం చదివాడనుకుంటున్నారు? ఇంజినీరింగు. 1844లో సర్ధనాలో పుట్టి, రూర్కీ థామసన్ కాలేజీలో చదివి, ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేట్లు వేసే ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. ఆ రూర్కీ కాలేజీయే నేటి రూర్కీ ఐఐటీ గనుక, ఇప్పటి లెక్క ప్రకారం ఆయన ఐఐటీయన్. మన కోచింగ్ సెంటర్లవాళ్ళ కంట ఈ సంగతి ఇంకా పడినట్టు లేదు; పడివుంటే ఆయన తలపాగా ఫొటో ఈపాటికి ఫ్లైఓవరు పక్కన ర్యాంకుతో సహా వెలిసేది. ప్రఖ్యాత ఫొటోగ్రాఫర్ రఘు రాయ్ కూడా చదివింది సివిల్ ఇంజినీరింగే. ఇంజినీరింగు డిగ్రీకి ఉన్న ఏకైక ప్రయోజనం దాన్ని వదిలిపెట్టడమేనని వీరిద్దరి జీవితాలు నిరూపిస్తున్నాయి.

గిట్టనివాళ్ళు ఇక్కడొక కొక్కెం వేస్తారు. దీన్‌దయాళ్ తీసిన కోటల, మహళ్ళ బొమ్మలు చూడండి, గోడలు నిట్టనిలువుగా నిలబడి ఉంటాయి, ఇది ప్లాన్లు గీసిన చేతి మహిమ కాదా అంటారు. కావచ్చు. పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేసినవాడి కంటికి ఒరిగిన గోడ అంటే బిల్లు ఆగిపోయిన గోడ. కానీ ఇప్పుడు ఫోనులో ఒక మీట జరిపితే చార్మినారు దానంతటదే నిటారుగా నిలబడుతున్నప్పుడు, అందుకోసం రూర్కీ దాకా వెళ్ళడం రైలు ఛార్జీ దండగ.

ఇక మా మేనల్లుడి ప్రతిభకు వద్దాం. మొన్న మాఘంలో మా దగ్గరి చుట్టాలింట పెళ్ళి. సింహాసనాల్లాంటి కుర్చీలలో వధూవరులు, వారి వెనక నలుగురు పెద్దవాళ్ళు. మావాడు ఐదు మీటర్ల దూరంలో 85 మిల్లీమీటర్ల లెన్సుతో, అపర్చరు, అంటే లెన్సులో వెలుతురు దూరే రంధ్రం, 1.8 దగ్గర బాగా తెరిచిపెట్టి నిలబడ్డాడు. ఎందుకలాగని అడిగితే, "బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ రావాలి మావయ్యా, లేకపోతే సెల్‌ఫోన్ ఫొటోలా ఉంటుంది" అన్నాడు. వచ్చింది. పెళ్ళికూతురి కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. వెనక నిలబడిన పెళ్ళికొడుకు మేనత్తగారు మాత్రం ఒక చీర రంగుగా మిగిలారు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, ఆల్బమ్‌ను దూరంగా ఒకసారి, దగ్గరగా ఒకసారి పట్టి చూసి, "ఈ ఎర్రది నేనేనా నాయనా?" అని అడిగారు.

ఛాందసుడైన గణితవేత్త ఎవడైనా అక్కడుంటే కాగితం మీద నాలుగు గీతలు గీసి, ఆ దూరానికి ఆ లెన్సుతో ఆ అపర్చరు దగ్గర స్పష్టంగా పడే మేర ముందూ వెనకా కలిపి సుమారు 37 సెంటీమీటర్లేనని, మేనత్తగారు నిలబడినది కుర్చీ వెనక ముప్పాతిక మీటరు అవతలనని, ఎఫ్ 8 పెట్టి (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) ఉంటే నాలుగుంబావు మీటర్ల నుంచి ఆరు మీటర్ల దాకా బంధువర్గమంతా తేటగా కనబడేదని, అయితే అందుకు సుమారు ఇరవై రెట్లు వెలుతురు కావలసివస్తుందని, ఆ వెలుతురు ఇవ్వడానికే మండపంలో మూల నిలబెట్టిన రెండు గొడుగుల లైట్లున్నాయని చెప్పి, పెళ్ళివారి భోజనం చల్లార్చేవాడు. మావాడు ఒక్క మాటతో తేల్చేశాడు. "అది డెప్త్ అండీ అత్తయ్యా. క్యాండిడ్." మేనత్తగారు రెండు మాటలూ అర్థం కాక, తనకేదో గౌరవమే జరిగిందనుకుని ఊరుకున్నారు.

ఆ మండపంలో లెక్క అవసరం లేకుండా ఉన్నవాడు మావాడొక్కడేనని గమనించమని మనవి. పురోహితుడు లగ్నాన్ని నిమిషాలతో సహా గణితం చేసి పెట్టాడు. వంటాయన ఆరు వందల విస్తళ్ళకు ఎన్ని కిలోల బియ్యమో, ఎంత కందిపప్పో కాగితం ముట్టకుండా చెప్పాడు. మంగళసూత్రానికి సైతం ముళ్ళు మూడని లెక్క ఉంది. ఆ మూడు ముళ్ళకు మావాడు తీసిన ఫొటోలు తొమ్మిది వందలు. అంటే ముడికి మూడు వందలు. లెక్కలు రానివాడు లెక్కలేనన్ని తీయాలి, ఇది ఈ వృత్తిలో మొదటి సూత్రం. తొమ్మిది వందలలో ఒకటైనా బాగుండకపోదన్నది సంభావ్యతా సిద్ధాంతమని, అది ఎం-త్రీ సిలబస్సులో ఉందని వాడికి తెలిస్తే బాధపడతాడు గనుక నేను చెప్పలేదు.

ఫిలిం రీలు రోజుల్లో ఈ స్వేచ్ఛ ఉండేది కాదు. రీలుకు 36 ఫొటోలు. మా ఊళ్ళో స్టూడియో బాబాయి (అందరికీ ఆయన బాబాయే, ఏ వరసన అని ఎవరూ అడగలేదు) ఏడో తరగతి దాకా చదివాడు. పెళ్ళిలో కెమెరా కంటికి ఆన్చుకునేముందు పెళ్ళిపీటల దాకా అంగలు వేసి వెనక్కి వచ్చేవాడు. తన ఫ్లాషు నంబరు 28 అని, ఐదు మీటర్లయితే అపర్చరు 5.6 పెట్టాలని, రెండున్నర మీటర్లకు జరిగితే 11 పెట్టాలని ఆయనకు నోటికి వచ్చు. 28ని దూరంతో భాగించడమే ఇది. దూరం సగమైతే మీద పడే వెలుతురు రెట్టింపు కాదు, నాలుగింతలు. ఆ విలోమ వర్గ నియమం పేరు వింటే ఆయన అదేదో అసెంబ్లీలో పాసైన బిల్లు అనుకునేవాడు.

ఒకసారి ఆయన్ని అడిగాను. లెన్సు చుట్టూ రింగు మీద ఒకటి, 1.4, 2, 2.8, 4, 5.6, 8 అని వరసగా ఉన్నాయి కదా, ఎనిమిది తరువాత పదకొండేమిటి, ఇవేం ఎక్కాలు బాబాయ్ అన్నాను. "ఒక్కో మెట్టుకి వెలుతురు సగం బాబూ, అంతే" అన్నాడు. అంతేనన్నది నిజమే. రంధ్రం వైశాల్యం సగం కావాలంటే దాని వ్యాసాన్ని రూటు రెండుతో, అంటే ఇంచుమించు 1.414తో భాగించాలి. ఆ భాగహారమే ఇత్తడి రింగు మీద అంకెలై కూర్చుంది. కాస్త సర్దుబాటుగా, ఎందుకంటే నిఖార్సుగా లెక్కవేస్తే పదకొండు దగ్గర 11.3 రావాలి. బాబాయి నలభై ఏళ్ళు రూటు రెండుతోనే అన్నం తిన్నాడు, దాని పేరు మాత్రం ఎరగడు. కనుక గణితం అనవసరం. మా మేనల్లుడికి దాని పేరు తెలుసు, అందులో పరీక్ష కూడా రాసి తప్పాడు. కనుక మరీ అనవసరం.

విదేశీ ఉదాహరణ ఒకటి లేకపోతే వ్యాసాన్ని ఎవరూ ఖాతరు చేయరు గనుక, అమెరికాకు చెందిన ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్‌ను కూడా సాక్షిగా పిలుస్తున్నాను. ఆయన ఏ కాలేజీలోనూ ఫొటోగ్రఫీ చదవలేదు. కుర్రతనమంతా పియానో సాధనలో గడిపాడు. చదువు అక్కర్లేదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? దురదృష్టవశాత్తూ ఈ సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో తడబడతాడు. 1941లో ఒక సాయంత్రం న్యూమెక్సికో రోడ్డు మీద కారులో వెళ్తుంటే, హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుడు, కింద శ్మశానంలో తెల్లటి శిలువల మీద చివరి ఎండ కనబడ్డాయి. కారు ఆపి, పెద్ద కెమెరా నిలబెట్టి చూస్తే వెలుతురు కొలిచే మీటరు కనబడలేదు. మామూలు మనిషి వెతుక్కుంటాడు, లేదా తోడొచ్చినవాళ్ళను తిడతాడు. ఈయనకు మాత్రం చంద్రబింబం వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిళ్ళని గుర్తుంది. అక్కడి నుంచి మనసులోనే లెక్కకట్టి, ఎఫ్ 32 దగ్గర ఒక్క సెకను ఇచ్చాడు. రెండో ప్లేటు తీయబోయేసరికి శిలువల మీద ఎండ పోయింది. మిగిలింది ఆ ఒక్క ఫొటోయే.

తొమ్మిది వందలు కాదు, ఒకటి! మావాడికి ఈ కథ చెబితే, "ఆటో మోడ్ లేదా ఆయనకి?" అన్నాడు.

ఆడమ్స్‌కు లెక్కలు ఎంత బాగా వచ్చినా తారీఖులు గుర్తుండేవి కావు. ఆ బొమ్మ ఏ రోజు తీశాడో ఆయనే మరిచిపోతే, తరువాతి కాలంలో ఖగోళశాస్త్రం తెలిసినవాళ్ళు అందులో చంద్రుడున్న చోటును కొలిచి అది నవంబరు 1 అని తేల్చారు. మావాడి ఫొటోల విషయంలో అటువంటి శ్రమ ఎవరికీ ఉండదు. వాడి కెమెరాలో గడియారం ఇంతవరకు సెట్ చేయలేదు కాబట్టి, వాడు తీసిన పెళ్ళిళ్ళన్నీ కెమెరా ఫ్యాక్టరీలో పుట్టిన తేదీ తరువాతి కొద్ది వారాల్లోనే జరిగిపోయాయి.

పాస్‌పోర్టు ఫొటోల సంగతి తేలికగా తీసుకుంటాం గానీ, చిన్న స్టూడియోలకు కూడు పెట్టేది అవే. 35 మిల్లీమీటర్లు బై 45 మిల్లీమీటర్ల బొమ్మలు నాలుగు బై ఆరంగుళాల కాగితం మీద ఎనిమిది పడతాయి. అమెరికా వీసాకు రెండంగుళాల చదరాలు కావాలి; అవి అదే కాగితం మీద సరిగ్గా ఆరు, గోరంత కాగితం మిగలకుండా పడతాయి. ఆ చదరంలో గడ్డం కొస నుంచి నడినెత్తి వరకు అంగుళానికి తగ్గకూడదు, అంగుళమ్మీద మూడు వీసాలు, క్షమించాలి, ఎనిమిదింట మూడు వంతులు మించకూడదు. ఎం-వన్, ఎం-టూ, ఎం-త్రీ ప్రథమ శ్రేణిలో పాసై, ఎంఎస్ చేయడానికి డల్లాస్ వెళ్ళబోతున్న కుర్రాడు వచ్చి, ఎం-వన్ మూడుసార్లు తప్పిన మా మేనల్లుడి ముందు స్టూలు మీద కూర్చుని, గడ్డం పైకెత్తమంటే ఎత్తుతాడు, దించమంటే దించుతాడు. చదువు విలువ ఏమిటో అర్థం కావాలంటే ఆ స్టూలు పక్కన ఒక పూట నిలబడితే సరిపోతుంది.

అయితే అక్క చదువుతోంది గనుక ఒక నిజం దాచడం ధర్మం కాదు. మావాడికి కొన్ని లెక్కలు వచ్చు. రెండు లక్షలు అప్పు తెచ్చి కెమెరా, లెన్సు కొన్నాడు. 14 శాతం వడ్డీ, 24 నెలలు, నెలకు 9,600 చొప్పున. పెళ్ళివారి దగ్గర డబ్బు మూడు వాయిదాల్లో రావాలి: బుకింగ్ నాడు అడ్వాన్సు, తాళి కట్టిన రోజు సగం, ఆల్బమ్ చేతికిచ్చాక బ్యాలెన్సు. నలభై షీట్ల ఆల్బమ్‌కు ఫొటోలు ఎంపిక చేయమని పెన్‌డ్రైవ్ ఇస్తే, అత్తవారింటివాళ్ళకు నచ్చింది పుట్టింటివాళ్ళకు నచ్చక, ఆ పెన్‌డ్రైవ్ రెండిళ్ళ మధ్య తిరిగి తిరిగి, చివరకు బ్యాలెన్సు పిల్లాడి బారసాల నాటికి వసూలవుతుంది. అదీ బారసాల ఫొటోలు ఉచితంగా తీస్తే. ఈలోగా ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు, శుక్రుడు అస్తమిస్తే అసలే లేవు. ఈఎంఐకి మూఢం లేదు. అది ప్రతి నెలా ఐదో తారీఖున నిశ్చలంగా ఉదయిస్తుంది.

నిన్న రాత్రి వాడు మా ఇంటికొచ్చి, గోడకున్న పంచాంగం క్యాలెండరు దించి ముందేసుకుని, పెన్నుతో ముహూర్తాలకు చుక్కలు పెట్టుకుంటూ, అధికమాసం ఎందుకొస్తుంది మావయ్యా అని అడిగాడు. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులని, సౌరమానానికి 365 అని, ఏటా మిగిలే ఆ పదకొండు రోజులూ పోగుపడి నెలయినప్పుడు అధికమాసంగా కలుపుతారని, ఆ నెలంతా పెళ్ళిళ్ళు ఉండవని ఓపికగా విడమరిచాను. నేను ఇంకా ముప్పైని పదకొండుతో భాగించే పనిలో ఉండగానే వాడు పెన్ను కింద పెట్టేశాడు.

"అంటే ముప్పై రెండు, ముప్పై మూడు నెలలకొకటి. నా ఈఎంఐ ఇరవై నాలుగే. సరిగ్గా చూసుకుని అప్పు చేస్తే రెండింటి మధ్య సందులో దూరిపోవచ్చన్నమాట" అని, క్యాలెండరు వెనక్కి తిప్పుతూ అడిగాడు. "పోయినసారిది ఎప్పుడొచ్చింది మావయ్యా?"