పార్టీ పోతోందట, 15 డాలర్లు పంపాలట

ఇప్పుడే చారన్నం కలుపుకుంటుంటే ఫోన్ టింగుమంది. అమెరికా పార్టీల చందా మెసేజ్. ఈ అర్ధరాత్రితో గడువు అయిపోతోందట, నేను 15 డాలర్లు వేస్తే వాళ్ళు దానికి నాలుగు రెట్లు కలుపుతారట, పార్టీని నేనే కాపాడాలట. ఏ పార్టీ అని అడక్కండి, ఈ విషయంలో రెండూ రెండే. నాకంటే ముందు ఈ నంబరు ఎవరో ఆవిడదట, ఇప్పటికీ ఆవిడ పేరుతోనే పిలుస్తారు. స్టాప్ అని కొడితే ఇంకో నంబరు నుంచి తగులుకుంటారు. అసలు ఎవర్ని అడుగుతున్నారో చూసుకోరా? నాది హెచ్‌1బి ఉద్యోగ వీసా. ఓటు లేదు. గ్రీన్ కార్డు కూడా లేనివాడు ఇక్కడి ఎన్నికలకి ఒక్క డాలరు ఇచ్చినా చట్టవిరుద్ధం. వాళ్ళ పార్టీని నేను కాపాడితే తర్వాత నన్నెవరు కాపాడతారు?

ఇది ఒక ఎత్తయితే మన వాట్సాప్ గ్రూపు ఇంకో ఎత్తు. "డెమోక్రాట్లు దుకాణం సర్దుకోవడమే, ఇంకో ముప్పై ఏళ్ళు లేవరు" అని మధ్యాహ్నం నుంచీ ఒకాయన ఒకటే వాయింపు. ఎవరండీ ఆ మాట అంటున్నది? మన ఆంధ్రావాళ్ళే. 151 సీట్ల పార్టీ ఐదేళ్ళలో 11కి పడిపోవడం, 23తో మూలన కూర్చున్న పార్టీ 135కి ఎగబాకడం కళ్ళారా చూసినవాళ్ళు!

2024లో రాష్ట్రాల వారీగా లెక్కపెట్టే ఎలక్టోరల్ ఓట్లలో రిపబ్లికన్ ట్రంప్‌కి 312, డెమోక్రాట్ హారిస్‌కి 226. ఎటైనా మొగ్గే ఏడు స్వింగ్ రాష్ట్రాలూ ఊడ్చేశాడు, కాదనను. కానీ దేశం మొత్తం ఓట్లు తీస్తే తేడా ఒకటిన్నర శాతం. దీనికే పాడె కట్టేస్తారా? 1964లో రిపబ్లికన్ గోల్డ్‌వాటర్‌కి వచ్చినవి 52 ఎలక్టోరల్ ఓట్లు. నాలుగేళ్ళకి అదే పార్టీ నిక్సన్ గెలిచాడు. 1972లో డెమోక్రాట్ మెక్‌గవర్న్‌కి 17. నాలుగేళ్ళకి అదే పార్టీ కార్టర్ వచ్చాడు. మధ్యలో నిక్సన్‌ని దింపేసిన వాటర్‌గేట్ కుంభకోణం జరిగింది కదా అంటారు. అదేగా నేను మొత్తుకునేది! ఓడిన పార్టీ ఏమీ మారక్కర్లేదు. అవతలివాడు చెడగొట్టుకునేదాకా కాళ్ళు చాపుకుని కూర్చుంటే చాలు, జనం విసిగిపోయి వాళ్ళే తెచ్చి కూర్చోబెడతారు.

2012లో రామ్నీ ఓడాక రిపబ్లికన్లు బుద్ధిగా కూర్చుని పెద్ద రిపోర్టు రాసుకున్నారు. లాటినోలకి దగ్గరవ్వాలి, ఇమిగ్రేషన్ చట్టాలు బాగుచేయాలి అని. సరిగ్గా దానికి ఎదురు నడిచిన ట్రంప్ 2016లో గెలిచాడు. ఇక ఏ పార్టీ అయినా రిపోర్టులు ఎందుకు చదువుతుంది? డెమోక్రాట్ల సంగతి ఇంకా ముచ్చట. 81 ఏళ్ళ పెద్దాయన బైడెన్ 2024 జూన్ డిబేట్‌లో అందరి ముందూ తడబడేదాకా ఆయన వయసు ఎవరికీ కనపడలేదు! జులై 21న తప్పుకుని, పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీ కూడా లేకుండా ఎన్నికకి మూడున్నర నెలల ముందు పోటీని హారిస్ చేతిలో పెట్టారు. వంద కోట్ల డాలర్లకి పైగా పోగేశారు. ఓడాక చెప్పేదేంటంటే మెసేజ్ జనంలోకి వెళ్ళలేదట. నాకు మాత్రం అన్నం తిననివ్వకుండా వస్తున్నాయి మెసేజ్‌లు!

ఏడాది తిరిగింది. 2025 నవంబరులో వర్జీనియా, న్యూజెర్సీ గవర్నర్ పదవులు, న్యూయార్క్ మేయర్ పదవి అన్నీ డెమోక్రాట్లకే. వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హాష్మీ హైదరాబాద్‌లో పుట్టారని తెలియగానే గ్రూపు నిండా "మన ఆడపడుచు" ఫార్వర్డులు. అంతకు ముందు ఏడాది ఇదే జనం మన వడ్లూరు మూలాలున్నాయని, ట్రంప్ జతగా ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ వాన్స్ భార్య ఉష ఫోటోకి హారతి పట్టారు. పార్టీ ఏదైతే ఏం, ఊరి పేరు కలిస్తే చాలు.

ఆ హారతి పట్టినవాళ్ళకే చెబుతున్నా. ట్రంప్ గెలిచి రెండు నెలలు కాకుండానే హెచ్‌1బి కావాలని మస్క్, రామస్వామి ఒక పక్క, వద్దని ట్రంప్ పాత సలహాదారు బానన్ ఒక పక్క తిట్టుకున్నారు. ట్రంప్ తర్వాత ఆ పార్టీ ఎవరి చేతికి పోతుందో అప్పుడే అర్థమైపోవాలి. 2025 సెప్టెంబరులో హెచ్‌1బికి లక్ష డాలర్ల ఫీజు అన్నారు. పెళ్ళిళ్ళకని ఇండియా వెళ్ళినవాళ్ళు పెట్టె కూడా సర్దుకోకుండా ఎయిర్‌పోర్టుకి పరుగులు. అది కొత్త దరఖాస్తులకేనని తర్వాత తీరిగ్గా చెప్పారు. ఆ టెన్షన్‌కి ఎవరు బాధ్యులు?

సరే, డెమోక్రాట్లు ఉద్ధరించారా? ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదంటూ మన లైను కదలనివ్వని కోటాని ఎత్తేసే బిల్లు 2019 జులైలో దిగువ సభ హౌస్‌లో 365-65తో గెలిచింది. రెండు పార్టీలూ వేశాయి! 2020 డిసెంబర్ 2న ఎగువ సభ సెనేట్ తన సొంత రూపంలో పాస్ చేసింది. మా ఆవిడ ఆ రాత్రి సేమ్యా పాయసం కాచింది, జీడిపప్పు కూడా ఎక్కువ వేసి. రెండు బిల్లుల్నీ కలిపి ఒకటి చేస్తే అయిపోయేది. చేయలేదు. జనవరిలో ఆ కాంగ్రెస్ ముగిసింది, బిల్లూ పోయింది. తర్వాత రెండేళ్ళు హౌస్, సెనేట్, వైట్ హౌస్ మూడూ డెమోక్రాట్ల చేతిలోనే ఉన్నాయి. ఏం చేశారు? వాళ్ళని చూపించి వీళ్ళు, వీళ్ళని చూపించి వాళ్ళు. ఈలోగా మా పెద్దది కాలేజీ ఈడుకొచ్చింది. 21 దాటితే నా వెనక డిపెండెంట్‌గా లైన్లో ఉండే దారి కూడా మూసుకుపోతుంది.

2028లో అధ్యక్షుడు రిపబ్లికన్ వాన్సా, డెమోక్రాట్ న్యూసమా అని గ్రూపులో అప్పుడే పోల్ పెట్టేశారు. ఆ 7 శాతం ఎవడు ఎత్తేస్తాడో దాని మీద పెట్టండయ్యా పోల్, నేనూ వచ్చి నొక్కుతా.