గజపతి జిల్లాలో ఎలుకల మోత

మా మేనల్లుడు ఒడిశా గజపతి జిల్లాలో మా ఊరు పర్లాకిమిడిలోనే జిమ్‌కి పోతున్నాడు. రోజూ పొద్దున్నే చొక్కా చెయ్యి పైకి మడిచి "మావయ్యా, మజిల్ చూడు" అంటాడు. కుర్రాడు నొచ్చుకుంటాడని ఓసారి నొక్కి చూసేవాణ్ని. ఆ మాట పుట్టుక తెలిశాక నొక్కాలంటే చెయ్యి రావడం లేదు. లాటిన్‌లో మస్ అంటే ఎలుక, మస్క్యులస్ అంటే చిట్టెలుక. చెయ్యి ముడిస్తే చర్మం కింద ఏదో పాకినట్టు ఉంటుంది కదా, అదన్నమాట!

తేలిగ్గా తీసుకునే విషయం కాదిది. ఒంట్లో 600కు పైగా కండరాలు. గజపతి అంటే ఏనుగులకు ప్రభువు. ఆ పేరు పెట్టుకున్న జిల్లాలో ఉంటూ తలకు 600 ఎలుకలు మోస్తున్నాం. అటు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి గారు ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకునేవారని చెప్పుకుంటాం. ఇంటిపేరు కోడి, పైన ఏనుగు, లోపల ఎలుకలు. ఆయన కాబట్టి తట్టుకున్నారు.

జిమ్ బోర్డు ఒడియాలో, లోపల మూలుగులు తెలుగులో. ఓనరు ఒడియా ఆయన. సంగతి చెబితే "మూషా?" అని ఊరుకున్నాడు. ఆశ్చర్యం ఎందుకుంటుంది? ఒడియా మూషా, సంస్కృత మూషికం, లాటిన్ మస్ అన్నీ ఒకే తాత మనవలు. ఎలుక అనే మనకే ఆ ఇంటి పెళ్లికి పిలుపు లేదు. గ్రీకులు మరీ పొదుపరులు, ఎలుకకీ కండకీ ఒక్క మాటతోనే సరిపెట్టుకున్నారు. గుండెపోటు రిపోర్టులో మయోకార్డియల్ అని ఉంటుందే, ఆ మయో అక్కడిదే.

బైసెప్స్ అంటే 'రెండు తలలది', అంతే. దాన్ని ద్విశిర కండరం అని బట్టీ పట్టాం, అదీ వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో! తొడలోని క్వాడ్రిసెప్స్‌కి నాలుగు తలలు. సినిమా హీరో తొడ కొట్టినప్పుడల్లా నాకు బ్రహ్మదేవుడే గుర్తొస్తున్నాడు.

మొన్న అటక మీద ప్రొటీన్ పౌడర్ సంచికి బొక్క పడింది. మేనల్లుడు లబోదిబోమన్నాడు. అక్క బోను తెమ్మంది. ఇళ్లలో తిరిగే చిట్టెలుకకు 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ ఖాయం చేసిన పేరు మస్ మస్క్యులస్. మజిల్ పేరు మీద కొన్న పౌడర్‌కి అసలు హక్కుదారు ఎవరో తేలేదాకా బోను తేనని చెప్పేశాను.