తలకు ఇన్ని షిల్లింగులన్న మంత్రి

ఒక పిల్లాడు లెక్కల్లో తప్పితే బడికి ఎంత నష్టం? 1862లో ఇంగ్లండ్ ప్రభుత్వం దగ్గర దీనికి పైసలతో సహా జవాబుంది: 2 షిల్లింగుల 8 పెన్నీలు (షిల్లింగుకు 12 పెన్నీలు). ఆ పద్దు రాయించింది ప్రధాని పామర్‌స్టన్ ప్రభుత్వంలో విద్యావ్యవహారాలు చూసిన రాబర్ట్ లోవ్.

బడికి ప్రభుత్వమిచ్చే గ్రాంటు సగటు హాజరు మీద తలకు 4 షిల్లింగులు. ఆరేళ్లు దాటి, 200 పూటలకు మించి బడికొచ్చిన పిల్లాడి పేర మరో 8. ఈ ఎనిమిదే మెలిక. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చి ఒక్కొక్కరి చేత చదివించి, రాయించి, లెక్కలు చేయించేవారు. తప్పిన ప్రతి అంశానికీ మూడో వంతు కోత. ఖర్చు తగ్గాలన్న ఖజానా కోరిక మాత్రం తీరింది: 1861లో 8,13,441 పౌండ్లున్న గ్రాంటు 1865కల్లా 6,36,806కు దిగింది.

పరీక్ష పెట్టడాన్ని మేము తప్పుపట్టం. దాన్ని పంతులు జీతపు రాళ్లతో ముడిపెట్టడంతోనే చిక్కు వచ్చింది. అంతకుముందు ప్రభుత్వం నుంచి నేరుగా పంతులుకు అందిన సొమ్ము ఇప్పుడు బడి నిర్వాహకుల చేతికి, అదీ ఫలితాన్ని బట్టి వెళ్లింది. ఇన్‌స్పెక్టరు ఏ వాచకం చదివిస్తారో ముందే తెలుసు కనుక పిల్లలు దాన్ని బట్టీ పట్టారు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా గడగడా అప్పజెప్పేవారట! గ్రాంటు తేని చరిత్ర, భూగోళం మూలకు చేరాయి. ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలోనే ఉన్న కవి మాథ్యూ ఆర్నాల్డ్ బాహాటంగానే విమర్శించారు. ఇదే ఫలితాల గ్రాంటు ఆ తర్వాత ఓడెక్కి మన మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది.

విచిత్రమేమంటే, లోవ్ పదవి పోయింది ఈ కోతల వల్ల కాదు. ఇన్‌స్పెక్టర్ల నివేదికలను కత్తిరిస్తున్నారన్న ఆరోపణపై 1864లో పార్లమెంటు దిగువ సభ కామన్స్ 101–93 ఓట్లతో తప్పుపట్టగా రాజీనామా చేశారు. తర్వాత సభా సంఘం ఆయన తప్పు లేదని తేల్చింది.

1868లో ప్రధాని గ్లాడ్‌స్టన్ ఆయన్ను ఆర్థికమంత్రిని చేశారు. అక్కడా అదే చెయ్యి: 1871 బడ్జెట్‌లో వంద పుల్లల అగ్గిపెట్టెకు అరపెన్నీ పన్ను. తూర్పు లండన్ అగ్గిపెట్టెల కూలీలు పార్లమెంటు మీదికి ఊరేగింపుగా వచ్చారు. పన్ను వెనక్కి పోయింది, ఆ లోటు ఆదాయపు పన్ను మీద పడింది. బడిపిల్లలకు ఊరేగింపు తీయడం చేతకాదు. వాళ్ల తలలెక్క గ్రాంటును చాలావరకు ఎత్తేసేసరికి 1890 వచ్చింది.