యేనా గెలుపులో దావూ పేరు ఏదీ?

అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా మీద నెపోలియన్ చేసిన యుద్ధం గురించి మీ వ్యాసం ఆసక్తిగా చదివించింది. కానీ 1806 అక్టోబర్ 14 గురించి రాస్తూ యేనా దగ్గర నెపోలియన్ గెలుపుతోనే ఆపేశారు. అదే రోజు కొన్ని మైళ్ల ఉత్తరాన ఔర్‌స్టెట్ దగ్గర జరిగినదాన్ని ఒక్క వాక్యంలోనైనా చెప్పాల్సింది.

ప్రష్యా అసలు సైన్యం, రాజుతో సహా, ఉన్నది అక్కడే. దాదాపు 60 వేల మంది. ఎదురుగా నెపోలియన్ సేనానుల్లో ఒకడైన మార్షల్ దావూ దగ్గర ఉన్నది 27 వేల లోపే. పొగమంచులో హాసెన్‌హౌసెన్ అనే చిన్న ఊరిని పట్టుకుని దావూ కింది జనరల్ గ్యుదాన్ డివిజన్ మొదటి దెబ్బ కాచుకుంది. ఫ్రియాన్, మొరాన్ డివిజన్లు వచ్చి కలిసేదాకా ఆ ఊరు వదల్లేదు. మరో ఫ్రెంచ్ మార్షల్ బెర్నడాట్ దళం మాత్రం రెండు యుద్ధాల్లో దేనికీ అందలేదు. ప్రష్యా సేనాపతి బ్రన్స్‌విక్ డ్యూక్ కళ్లకు తూటా తగిలి కూలిపోయాడు, తర్వాత అదే గాయంతో చనిపోయాడు. దావూ గెలిచాడు గానీ సుమారు 7 వేల మందిని పోగొట్టుకున్నాడు. బెర్లిన్‌లోకి ముందుగా అడుగుపెట్టే గౌరవం అతని దళానికే దక్కింది.

గ్యుదాన్ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. 1812లో రష్యాలో ఫిరంగి గుండుకు కాలు పోయి, మూడు రోజులకు ప్రాణం విడిచాడు. 2019లో స్మొలెన్‌స్క్ పార్కులో ఒంటికాలి అస్థిపంజరం బయటపడితే, డీఎన్ఏ పరీక్షలో ఆయనదే అని తేలింది. 2021లో పారిస్‌లో సైనిక ప్రముఖుల సమాధులుండే ఇన్వాలీద్‌లో సమాధి చేశారు.

వీలైతే దావూ మీద విడిగా ఒక వ్యాసం రాయండి, 1814 దాకా హాంబర్గ్ కోటను వదలని కథతో సహా.