ఒడ్డున తొమ్మిదోవాడు

ముందుగదిలో మేకుకి వేలాడుతున్న సముద్రతీర చిత్రం గారికి,

తమరు క్షేమమని తలుస్తాం. ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. ఇవాళ లెక్కపెడితే తమ ఒడ్డున తొమ్మిదిమంది తేలారు. వేసింది ఏడుగురినే కదండీ! మిగతా ఇద్దరూ ఏ రేవులో దిగారో సెలవిస్తారా?

వచ్చిన చుట్టాలంతా "అంతర్వేదేనాండీ ఇది?" అంటారు. అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. తమ నీరు ఎటు పోతుందో తమకే తెలీదు. సూర్యుడు లేడు, నీడలు మాత్రం తలోవైపు. కల అన్నారు, సరిపెట్టుకున్నాం. రాజమండ్రి దామెర్ల రామారావు గారు 1925లో పోయేలోపు వేసిన మనుషుల్లో ఎముకా కండా కనిపిస్తాయి. తమవాళ్లకి మొహాలే లేవు. పోనిద్దురూ.

ఆ ఎక్కువైన ఇద్దరూ బూజు మచ్చలే. బూజు మాత్రం సరిపెట్టుకునేది కాదు. ఆకాశంలో ఉన్నది జింకు తెల్లరంగు, బూజుకి అది గిట్టదు. (అదే జింకు పోనుపోను పెళుసెక్కి పగులుతుంది, ఆ ఏడుపు తర్వాత.) ఇసుకంతా అంబరు. పేరుకే అంబరు, ఉండేది నేలమీద! నూనె బాగా తాగే మట్టిరంగు. కాన్వాసుకి పూసింది సరేసు, పశువుల తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసే జిగురు. గాలిలో తేమ 70 శాతం దాటి నిలబడితే చాలు, బూజుకి విస్తరి వేసినట్టే. పైగా తమరు చెమ్మగోడకి అతుక్కుని కూర్చున్నారు. సీసా బిరడాని రెండు ముక్కలు కోసి ఫ్రేము కింది మూలల్లో వెనక అంటిస్తే గాలాడేది.

ఇప్పుడు కిందకి దించాలి. తడిగుడ్డ పెడితే బూజు నూలుపోగుల్లోకి దిగుతుంది. ఎండలో పెడితే రంగు బొబ్బలెక్కుతుంది. అద్దం బిగిస్తే చెమ్మ లోపలే మగ్గుతుంది. గాలాడే నీడలో ఆరనిచ్చి, మూతికి గుడ్డ కట్టుకుని, మెత్తటి పొడికుంచెతో ఇంటి బయట ఊడ్చాలి. అంతా చేశాక కార్తీకం వానకి మళ్లీ దిగుతారు. ఇది ఒడ్డా, సంతర్పణా? పిలవనివాళ్లని పిలిచి కూర్చోబెడతావేం? సిగ్గులేదూ నీకు?

ఎనిమిదోవాణ్ణి ఊడ్చేశాం. తొమ్మిదోవాడి దగ్గరే కుంచె ఆగింది. ఆ ఏడుగురిలో ఒక్కడికీ కుదరని భుజం వంపు వీడికి కుదిరింది. ఏరు దాటించే పంటు కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఉంచితే పక్కవాడి మీదకి పాకుతాడని తెలుసు. ముసురు తగ్గేదాకా ఉండనీ, వెధవని.